పంపు వివరాలు

అనంతపురంలో టవర్ క్లాక్‌కు అవతల మా బావకు మోటర్లు, పైపులు, డ్రిప్ సామాన్ల అంగడి ఉంది. బాకీల లెక్క పాతకాలంలో ఎర్ర అట్ట పుస్తకంలో ఉండేది, రెండేళ్ల కిందట కస్టమర్ల సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నాడు. పేరు, ఊరు, ఫోను, బాకీ, ఏ మోటరు ఎప్పుడు కొన్నారు, అన్నీ దాంట్లోనే. చివర్న రిమార్క్స్ అని ఒక గడి ఉంటుంది. కొంప ముంచింది ఆ గడే, దాని సంగతి తర్వాత.

నాది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఉగాదికి వచ్చి, ఓళిగలు తిని గమ్మున కూర్చోలేక, "బావా, దీనికి ఏఐ ఏజెంట్‌ను తగిలిస్తా, నువ్వు నోటితో అడిగితే చాలు, పని అదే చేసి పెడతాది" అన్నాను. గమ్మున కూర్చోవడం ఎంత మంచి అలవాటో అప్పటికి నాకు తెలీదు.

ఎంసీపీ అని ఆంత్రోపిక్ కంపెనీ 2024 నవంబరులో ఒక పద్ధతి బయటపెట్టింది. దాంతో సాఫ్ట్‌వేర్ చేసే ఒక్కో పనిని ఒక్కో టూల్‌గా చేసి ఏజెంట్ చేతికివ్వొచ్చు. చిక్కేమిటంటే టూల్ వెనక మనం రాసిన కోడ్ దానికి కనపడదు. టూల్ పేరు, కింద మనం రాసిన వివరణ, ఏమేం ఇవ్వాలో చెప్పే పారామీటర్లు, వీటిని చూసే ఏ టూల్ వాడాలో తేల్చుకుంటుంది. అంటే అంగట్లో మొదటి రోజు పనికొచ్చిన పిల్లోడికి డబ్బాల మీద చీటీలు అంటించి మనం ఇంటికి పోవడమే. నేను కోడ్‌కు రెండు రోజులు పెట్టి, చీటీలకు రెండు నిమిషాలు పెట్టాను.

మొదటి చీటీ "కస్టమరు రికార్డు", రెండోది "పంపు వివరాలు", మూడోది "వివరాలు కస్టమరుకు". రెండోదానికి పారామీటరు "నంబరు". ఏ నంబరు? మోటరు మీద కొట్టిన సీరియల్ నంబరు. అది నాకు తెలుసు కదా, అందుకే రాయలేదు.

మరుసటి రోజు పొద్దున బావ ఒక చేత్తో ఉగ్గాని బజ్జి తింటూ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని "నార్పల చీనీతోటాయప్ప పంపు వివరాలు" అన్నాడు. ఆయన మోటరు కాలిపోయిందట, వారంటీ ఉందో లేదో చూడాలి. ఏజెంట్ మాత్రం ఆయనకు వివరాలు పంపమన్నాడని అర్థం చేసుకుంది. దాన్నీ అనలేం, బోరులో దించేదీ పంపే, వాట్సాప్‌లో పెట్టమనేదీ పంపే.

తర్వాత ఏజెంట్ ఏమేం చేసిందో వరసగా రాసుండే లాగ్ తీసి చూస్తే కథంతా ఉంది. ముందు ఆయన రికార్డు తెచ్చుకుంది. "పంపు వివరాలు" టూల్‌ను పిలిచి, నంబరు అన్నచోట ఆయన ఫోను నంబరు ఇచ్చింది. ఆ నంబరుతో మోటరు ఎక్కడ దొరుకుతుంది, నా కోడ్ "ఎర్రర్" అని ఒక్క మాట ఉమ్మి ఊరుకుంది, తప్పేమిటో చెప్పలేదు, ఏమివ్వాలో చెప్పలేదు. మనిషైతే అక్కడ ఆగి బుర్ర గోక్కుంటాడు. ఇది పాపం కష్టజీవి. పంపడం కుదరలేదనుకుని పక్కన చూస్తే "వివరాలు కస్టమరుకు" కనపడింది, ఇంకేం, రికార్డు మొత్తం రిమార్క్స్ గడితో సహా ఆయన వాట్సాప్‌కు కొట్టి, "వివరాలు విజయవంతంగా పంపాను" అని బావకు చెప్పింది.

ఆ గడిలో బావ రాసుకున్నది ఇది: "మనిషి మంచోడే, డబ్బు మాటెత్తితే చెవుడు. బాకీ కింద చీనీకాయలిస్తానంటాడు, తీసుకోవద్దు, పులుపు."

రెండు నీలం టిక్కులు పడ్డాయి. బావ నోట్లో బజ్జి అట్లే ఆగింది.

"ఏంది బామ్మర్దీ ఇది?"

"వివరణ కొంచెం పొట్టిగా రాసినా బావా."

"పెండ్లి పత్రికలో పెండ్లికొడుకు పేరు మర్చిపోయి కొంచెం పొట్టిగా అచ్చేసినామంటే ఎట్లుంటాది?"

ఆ రోజంతా చీటీలు తిరగరాశాను. "పంపు" అన్న మాటే తీసేశాను. మోటరు టూల్ కింద ఇట్లా పెట్టాను: "కస్టమరు కొన్న నీళ్ల మోటరు హెచ్‌పీ, స్టేజీలు, కొన్న తేదీ, వారంటీ ముగిసే తేదీ చూసి చెబుతుంది. ఎవరికీ మెసేజీ పోదు. మోటరు సీరియల్ నంబరు ఇవ్వాలి, ఫోను నంబరు పనికిరాదు. సీరియల్ తెలియకపోతే ముందు కస్టమరు రికార్డులో చూడు." మెసేజీ టూల్ కింద, ఇది నిజంగా కస్టమరు ఫోనుకు పోతుందని, ఓనరు సరే అన్నాకే వాడాలని రాశాను. చీటీని నమ్ముకుని కూర్చునే ధైర్యం పోయింది కాబట్టి, బావ సరే నొక్కనిదే మెసేజీ కదలకుండా కోడ్‌లోనే తాళం వేసి, రిమార్క్స్ గడి ఏజెంట్‌కు అసలు అందకుండా చేశాను. ఎర్రర్ కూడా ఇప్పుడు నోరు తెరిచి "ఇది ఫోను నంబరులా ఉంది, సీరియల్ నంబరు కావాలి" అంటుంది. బావ అంతా చదివి, "నాలుగేండ్లుగా ఉండే మన పిల్లోనికి గూడా నేనింత వివరంగా చెప్పలేదు కదప్పా" అన్నాడు.

సాయంత్రం నార్పలాయన రానే వచ్చాడు, భుజాన గోతాంతో. ఏమీ అనలేదు. బాకీ మొత్తం లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు. గోతాంలోంచి ఒక చీనీకాయ తీసి, తనే ఒలిచి, బావ చేతిలో పెట్టి ఎదురుగా కూర్చున్నాడు.

"తిని చెప్పప్పా."

బావ ఒక తొన తిన్నాడు. ఎడమ కన్ను దానంతటదే మూసుకుంది. "చక్కెర మాదిరుంది అన్నా."

"అయితే గోతామంతా నీకే."

ఆయన బండి మలుపు తిరిగేదాకా చూసి బావ కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

"ఆ గడి అదింక చదవదు కదా?"

"చదవదు బావా."

"ఖాయమే కదా?"

"ఖాయం."

స్క్రీను నాకు కనపడకుండా కొంచెం తిప్పుకుని, ఒంటి వేలితో చాలాసేపు టైపు చేశాడు. టీకి లేచి పోయినప్పుడు తొంగి చూశాను. చెవుడు మాట కొట్టేశాడు. పులుపు అట్లే ఉంది, దాని ముందు "భలే" అని చేరింది.