బావ సైటు, కాక ప్లాటు

మా బావకు ఇంటర్నెట్‌లో ఒక చిన్న సైటు ఉంది. ఓరుగల్లు చుట్టుపక్కల గుళ్లు, కోటలు, చెరువులు, జాతరలు, వాటికి పోయే దారులు, అన్నీ ఒక్కడే తిరిగి, ఒక్కడే రాసి, ఒక్కడే ఫొటోలు తీసి పెడతాడు. దాని మీద ఏమైనా వస్తుందా అని అడిగితే బావ నవ్వి ఊరుకుంటాడు. మా అక్క మాత్రం ఊరుకోదు. "రామప్పకు పోయొచ్చిన పెట్రోలు పైసలు ఎల్తే కొబ్బరికాయ కొడ్త" అంటుంది. వచ్చే ఆ కాసిని డబ్బులూ యాడ్స్ మీదే. లెక్క వంద డాలర్లు దాటితేగానీ యాడ్స్ కంపెనీ పైసా పంపదు. బావ లెక్క తొంభైల్లోకి రావడానికి సంక్రాంతి నుంచి దసరా దాకా పడుతుంది.

ఇంత చేసినా మా ఇంట్లో ఒక్కరూ ఆ సైటు తెరిచి చూసిన పాపాన పోలేదు. ఊరంతా చదివినా అత్తగారింటివాళ్లు చదవరు, అదొక ఆచారం. 2026 జనవరిలో మేడారం జాతర వచ్చి ఆ ఆచారాన్ని చెడగొట్టింది.

జాతర 28 నుంచి 31 దాకా. దానికి ముందు ఆదివారం హన్మకొండ బాలసముద్రంలో మా పెద్దనాన్న ఇంట్లో అందరం కూడాం. బుధవారం సారలమ్మ గద్దెకు వస్తుంది. గురువారం చిలుకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది. శుక్రవారం ఇద్దరు తల్లులూ గద్దెల మీద ఉంటారు, శనివారం వనప్రవేశం. ఇందులో మేం ఏ రోజు పోవాలన్నది పంచాయితీ. తల్లి వచ్చే గడియకు అక్కడ ఉండాల్సిందేనని బాపమ్మ. ఆ రోజు పస్రా దాటినంక బండి కదలదని మా కాక, అంటే చిన్నాన్న. బంగారం, అదే బెల్లం, ఎంత తూకం వేయించాలన్నది ఇంకో లొల్లి.

మా అక్కకు విసుగొచ్చింది. "మా ఆయన అన్నీ రాసి పెట్టిండు గదా! ఒక్కసారి తెరిచి చూస్తే మీ సొమ్మేం పోతది?" అంది.

కాక సొమ్మే పోబోతోందని అప్పుడెవరికి తెలుసు?

అందరూ ఫోన్లు తీశారు. బావ ముఖం చూడాలి అప్పుడు. పెళ్లిపందిట్లో కూడా అంత వెలగలేదు.

పేజీ తెరుచుకోగానే ముందు ఒక పెట్టె అడ్డం వచ్చింది. మీ గోప్యత మాకు ముఖ్యం, ఇక్కడ కుకీలు వాడతాం, అంగీకరిస్తారా, తిరస్కరిస్తారా అని. నిజం చెప్పాలంటే బావ ఇక్కడ నిజాయితీగానే ఉన్నాడు. చాలా సైట్లలో అంగీకారానికి పచ్చటి పెద్ద బటన్ ఉంటుంది, కాదనేది ఎక్కడో బూడిదరంగులో, వెతికితేగానీ దొరకదు. బావ రెండూ ఒకే సైజులో పెట్టాడు. అయినా ఎవరూ చదవరు. వేలు దానంతట అదే పోయి 'అంగీకరిస్తున్నాను' మీద పడుతుంది. మా అందరి వేళ్లూ అక్కడే పడ్డాయి. పెద్దనాన్న వేలు పడలేదు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. కళ్లద్దాలు తెప్పించుకుని, ప్రైవసీ పాలసీని మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టాడు. దాన్ని రాసి పెట్టిన బావ కూడా అంత శ్రద్ధగా చదివి ఉంటాడని నేననుకోను.

"అల్లుడా, 'మేము, మా భాగస్వాములు' అని రాసినవ్. భాగస్వాములు ఎందరు?"

"ఉంటరు మామయ్యా, కొందరు."

పెద్దనాన్న ఆ మాట మీద నొక్కాడు. జాబితా వచ్చింది. వేలితో కిందికి తోశాడు. మళ్లీ తోశాడు. అన్నీ యాడ్స్ కంపెనీల పేర్లే, వందల్లో. ఎంత తోసినా అడుగు తగలడం లేదు.

"మీ పెండ్లికి గూడ ఇంతమంది రాలే గదయ్యా" అన్నాడు.

ఈలోగా అవతల వేరే ముచ్చట నడుస్తోంది. చిన్నమ్మ ఫోన్ చార్జింగులో ఉంది. అందుకని కాక ఫోన్ అందుకుంది. కాక చేయి వెనక్కి లాక్కునేలోపే ఫోన్ ఆమె చేతిలోకి పోయింది. బాపమ్మకు వినపడాలని గట్టిగా చదవసాగింది.

"భక్తులు ముందుగా జంపన్న వాగులో స్నానమాచరించి, తడిబట్టలతో గద్దెల వద్దకు బయలుదేరుతారు. మీరు చూసిన 200 గజాల ప్లాటు ఇంకా ఉంది. యాదగిరిగుట్టకు పది నిమిషాల దూరం. సులభ వాయిదాలు. ఈరోజే రండి."

అదే భక్తితో, ఎక్కడా ఆగకుండా చదివింది. బాపమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది కూడా.

తర్వాత గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కారణం ఉంది. పరకాల దగ్గర మా ఊళ్లో పాత పెంకుటిల్లు పోయిన వానల్లో ఒక పక్క కూలింది. కప్పు మార్చడానికి అన్నదమ్ములు తలా ఇంత వేసుకుందామని పెద్దనాన్న అన్నప్పుడు, "నా చేతిల ఎర్ర ఏగాని లేదన్నా" అని కాక కండ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు. ఆ మాట ఇంకా అందరి చెవుల్లో ఉంది.

చిన్నమ్మ మెల్లగా అడిగింది. "మీరు చూసిన ప్లాటట. ఎవలు చూసిండ్రు?"

"నాకేం ఎరుక?" అన్నాడు కాక. "అల్లుడు పెట్టిండు, అల్లున్నే అడుగు."

అన్ని తలలూ బావ వైపు తిరిగాయి. పాపం, ఎంతో కాలానికి అత్తగారింట్లో తన సైటు గురించి అందరూ ఒకేసారి అడిగారు, అదీ ఇట్లా.

"చిన్న మామయ్యా, నేను పెట్టలే. నేను పెట్టింది ఖాళీ జాగ. ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తా ఇప్పితే పాట పాడ్తరు గదా? ఇది గట్లనే. మీరు పేజీ తెరవంగనే పాట మొదలైతది. ఎక్కువ పాడినోని బొమ్మ ఆ జాగల వస్తది. సెకనుల పదో వంతుల అంతా అయిపోతది."

పెద్దనాన్నకు ఆసక్తి పుట్టింది. "మరి బస్తా ఏంది?"

"బస్తా మీరే."

"అంటే నేను అమ్ముడుపోతున్ననా?"

"మీరు గాదు, మీరు చూసే ఆ చూపు."

"ఎంతకు?"

బావ కొంచెం నసిగాడు. "మన దిక్కు చూపుకు పైసల్లనే పోతది మామయ్యా."

కాకకు ప్లాటు సంగతి బయటపడ్డందుకు కాదు, ఈ మాటకు కోపం వచ్చింది. "నేను పైసల్లనా? ప్లాటు కొనేటోన్ని!" అన్నాడు.

అన్నాక నాలుక కరుచుకున్నాడు.

ఇక లాభం లేదని పద్ధతి మార్చాడు. ఫోన్ తనదే అయినా దాన్ని ఇంట్లో పోరగాళ్లు ఆడుకుంటారని, వాళ్లే ఎక్కడో నొక్కి ఉంటారని వాదించాడు. ఈ వాదనలో బలం లేకపోలేదు. నా ఫోన్లో బావ పేజీ తెరిస్తే మోకాళ్ల నొప్పుల నూనె, చుట్టు మెత్తలున్న చెప్పులు, కాశీ యాత్ర ప్యాకేజీ వచ్చాయి. అది బాపమ్మ చలవ. ఆమెకు ఫోన్ లేదు, నా ఫోన్లోనే భజనలు వింటుంది. యాడ్స్ కంపెనీ దృష్టిలో నాకు 82 ఏళ్లు. కానీ చిన్నమ్మ ముందు ఈ వాదన నిలవలేదు. "ఆరో తరగతి పోరడు సులభ వాయిదాలు చూస్తడా?" అంది.

దాంతో అందరి ఫోన్లూ తనిఖీకి వచ్చాయి. పెద్దనాన్న ఫోన్లో తలకు వేసే నల్లరంగు. అది అందరికీ తెలిసిన రహస్యమే కాబట్టి మర్యాదగా పక్కకు చూశాం. అక్క ఫోన్లో కుట్టుమిషన్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసే మా తమ్ముడి ఫోన్లో మాత్రం యాడ్స్ ఏవీ లేవు, ఖాళీ డబ్బాలు కనిపించాయి. వాడు అన్నీ ఆపేసే బ్రౌజరు పెట్టుకున్నాడట. ఏమీ దొరకనివాడి మీదే అనుమానం ఎక్కువ. "వీడేం దాస్తుండో" అని పెద్దనాన్న వాణ్ని ఎగాదిగా చూశాడు.

అసలు జరిగిందేమిటో తమ్ముడే చెప్పాడు. వెబ్‌కు పుట్టుకతో జ్ఞాపకశక్తి లేదు. ఒక పేజీ చూసి రెండో పేజీకి పోతే అక్కడ మనం మళ్లీ కొత్తవాళ్లమే. దుకాణం సైటులో బుట్టలో వేసిన సామాను గుర్తుండాలని 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజరు కంపెనీ ఇంజినీరు లూ మాంటులి ఒక ఉపాయం చేశాడు. సైటు ఒక చిన్న గుర్తు రాసి మన బ్రౌజరులోనే దాచిపెడుతుంది, మళ్లీ పోయినప్పుడు దాన్ని చూసి గుర్తుపడుతుంది. అదే కుకీ. అంతవరకు బాగుంది. కానీ ప్లాట్ల సైటులోనూ, బావ సైటులోనూ ఒకే యాడ్స్ కంపెనీ ముక్క ఉంది. కాక అక్కడ ప్లాటు చూసినప్పుడు ఆ కంపెనీ గుర్తు పెట్టింది. ఇక్కడ జంపన్న వాగు దగ్గర అదే గుర్తు కనపడేసరికి పలకరించింది. ఇలాంటి మూడోవాళ్ల కుకీలను ఆపిల్ బ్రౌజరు సఫారీ 2020 నుంచి మొత్తంగా ఆపేస్తోంది. తీసేస్తామని గూగుల్ కూడా తన బ్రౌజరు క్రోమ్ గురించి 2020లోనే చెప్పింది, 2024లో ఆ ఆలోచన మానుకుంది.

"అంటే నీ కాక సంగతి అల్లునికి తెల్వదు, అల్లుని సైటుకు తెలుసు" అన్నాడు పెద్దనాన్న.

"సైటుకు గూడ తెల్వది పెదనాన్నా. మధ్యల ఉన్నోనికి తెలుసు."

బావకు ఇది కొంచెం చురుక్కుమన్నట్టుంది. తన గోడ మీద ఎవడు ఏం అంటిస్తున్నాడో తనకే తెలియదని ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది. నన్నడిగితే చిన్న సైట్ల అసలు కష్టం ఇదే. రాత మనదే, పేరు మనదే, తిట్లూ మనకే. లెక్కల పుస్తకం మాత్రం ఇంకొకడి దగ్గర.

పెద్దనాన్న కాక పక్షాన వకీలుగా లేచాడు. తమ్ముడనే ప్రేమ కాదు, పేపర్లో చదివింది చెప్పే అవకాశం. 2017లో సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు కూర్చుని గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పారన్నాడు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చిందన్నాడు. 2025 నవంబరులో నియమాలు కూడా వచ్చాయని, అసలు బాధ్యతలు అమలు కావడానికి 18 నెలల గడువు ఇచ్చారని, జరిమానా 250 కోట్ల రూపాయల దాకా పోవచ్చని చెప్పాడు.

ఆ చివరి అంకె వినగానే మా అక్క బావ చేయి పట్టుకుంది. తొంభై డాలర్ల మనిషి ఆయన.

చిన్నమ్మ మాత్రం చలించలేదు. "ఆ తొమ్మిదిమందికి నా దండాలు. పెండ్లాం దగ్గర ప్లాటు దాచిపెట్టుకోనీకె హక్కు ఉన్నదని గూడ రాసిండ్రా?"

పెద్దనాన్న కూర్చున్నాడు.

తీర్పు ఇద్దరికీ పడింది. మనిషి వెంటపడే యాడ్స్ తన సైటులో ఉండవని బావ మాట ఇవ్వాలి. మేడారంలో కాక ఎత్తు బంగారం కాక ఖర్చుతోనే తూగాలి. కాక బరువు గురించి ఇక్కడ రాస్తే ఆయన గోప్యతకు భంగం. బెల్లం దుకాణంవాడు మాత్రం ఇంకో బస్తా తెప్పించాడు.

బావ ఆ రాత్రే కూర్చుని సెట్టింగులు మార్చాడు. ఇకమీదట యాడ్స్ వచ్చేది చదివేవాళ్లను బట్టి కాదు, పేజీలో ఉన్న విషయాన్ని బట్టి. గుడి గురించి రాస్తే పూజ సామాను, చెరువు గురించి రాస్తే రెయిన్ కోట్లు. భాగస్వాముల జాబితా కూడా తెగ్గోశాడు. పెద్దనాన్న పాలసీని ప్రింటు తీయించి, ఎర్ర పెన్నుతో దిద్ది, మార్కులు వేసి ఇచ్చాడు. రాబడి తగ్గుతుందని అక్కకు ముందే చెప్పాల్సి వచ్చింది. "ఇంకా తగ్గనీకె ఏముంది?" అంది ఆమె.

కాక కూడా అదే రాత్రి తమ్ముణ్ని మేడ మీదికి పిలిపించుకుని ఫోన్లో కుకీలన్నీ తుడిపించాడు. తెల్లారి చూసుకుంటే కాక ఎవరో ఏ సైటుకూ తెలియడం లేదు. కరెంటు బిల్లు కట్టే చోట, బస్సు టికెట్లు తీసే చోట, అన్ని చోట్లా నువ్వెవరని అడగడం మొదలైంది. పాస్‌వర్డులు ఏనాడూ ఆయన గుర్తుపెట్టుకున్నవి కావు.

గురువారమే పోయాం, బాపమ్మ మాటే నెగ్గింది. ములుగులో గట్టమ్మకు కొబ్బరికాయ కొట్టి కదిలినవాళ్లం, పస్రా దాటాక కాక చెప్పినట్టే బండిలో కూర్చుండిపోయాం. "నేను చెప్పలేదా" అని ఆయన చాలాసార్లు అనుకుని ఉంటాడు. ఒక్కసారి కూడా పైకి అనలేదు.

జాతర నుంచి వచ్చాక ఒకనాడు కాక తానే ఫోన్ తీసి అందరి ముందూ పెట్టాడు. "ఇప్పుడు చూడుండ్రి, నా ఫోన్ల ఏం వస్తదో" అన్నాడు. మొఖంలో ఒకరకమైన పవిత్రత. మేడారం పేజీ వద్దని, బావ కొత్తగా రాసిన ఖిలా వరంగల్ పేజీ తెరిచాడు. చిన్నమ్మ చదివింది.

"కాకతీయుల కోటకు లోపల రాతిగోడ, దాని వెలుపల మట్టిగోడ ఉన్నాయి. గోడల మధ్య విశాలమైన భూములు ఇప్పటికీ సాగులో ఉన్నాయి. వరంగల్‌లో ఓపెన్ ప్లాట్లు. చుట్టూ ప్రహరీ. 40 అడుగుల రోడ్లు. వెంటనే రిజిస్ట్రేషన్."

బావ ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఇది మనిషిని చూసి వచ్చింది కాదని, పేజీలో భూమి, గోడ అని ఉంది కాబట్టి వచ్చిందని, బాపమ్మ చూసినా ఇదే వస్తుందని, చిన్న మామయ్య ఈసారి ఏ పాపం ఎరుగడని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. తమ్ముడు కూడా అవునన్నాడు. చిన్నమ్మ ఇద్దరి మాటలూ పూర్తిగా, ఓపికగా విన్నది. విని కాక వైపు తిరిగింది.

"యాదగిరిగుట్టది అయిపోయింది, ఇప్పుడు ఇక్కడ గూడ చూస్తున్నవా?"

కాక ఏమీ మాట్లాడలేదు. ఇంటి కప్పుకు ఆయన వాటా డబ్బు మర్నాడు పొద్దున్నే పెద్దనాన్న ఖాతాలో పడింది.