మామ్మగారి గుమ్మం దాకా తారు

ఒక వీధి ఏ పార్టీదో తెలుసుకోవడానికి ఎగ్జిట్ పోల్ అక్కర్లేదు. పొద్దున్నే కుళాయి కింద బిందె పెట్టి, అది నిండేలోపు ఎన్ని ఇడ్లీలు తినగలరో లెక్కపెట్టుకుంటే చాలు. బెజవాడలో నేను ఇరవై ఏళ్ళుగా ఈ పద్ధతిలోనే పరిశోధన చేస్తున్నాను. నా పరికరాలు మూడు: ఒక స్టీలు బిందె, ఒక దోమల బత్తి, ఒక స్కూటర్. స్కూటర్ వెనక మా ఆవిడ కూర్చుంటుంది. ఏ గోతి దగ్గర నన్ను ఎంత గట్టిగా తిట్టిందో ఇంటికొచ్చాక డైరీలో రాసుకుంటాను. ఇంతవరకు ఒక్క రీడింగూ తప్పు రాలేదు.

సర్వే అన్నాక ఒక ప్రశ్నాపత్రం ఉండాలి. మా దగ్గర ఒకటే ప్రశ్న, అది కూడా చాలా మర్యాదగా, కాఫీ గ్లాసు చేతికిచ్చాక అడుగుతాం. "మీ ఇంటిపేరేంటండీ?" మీరు చెప్పగానే అవతలి మనిషి "ఓహో" అంటాడు. ఆ ఒక్క ఓహోలో మీ కులం, మీ ఓటు, మీ అబ్బాయి అమెరికాలో ఉన్నాడా హైదరాబాద్‌లో ఉన్నాడా అన్నదీ తేలిపోతాయి. ఇంటిపేరు అటూ ఇటూ కాకుండా ఉంటే మాత్రం ఆయనకు టెన్షన్ మొదలవుతుంది. "మీది ఏ ఊరండీ, కృష్ణకి ఇవతలా అవతలా?" అని రెండో కాఫీ తెప్పిస్తాడు. టీవీ చర్చల్లో దీన్ని సామాజిక సమీకరణం అంటారు. కాఫీ ఖర్చు చెప్పరు.

ఇన్నేళ్ళ శ్రమకు ఫలితంగా నగరంలోని వీధులను మూడు జాతులుగా విడగొట్టగలిగాను. మొదటిది మన వీధి. రెండోది వాళ్ళ వీధి. ఈ రెండింటి రోడ్లూ ఒకేలా ఉండటం చూసి మొదట్లో ఆశ్చర్యపోయాను. కారణం ఒక నాయకుడి అనుచరుడు బజ్జీల బండి దగ్గర విప్పి చెప్పాడు. "మన వీధి వాళ్ళు ఎలాగూ వేస్తారు బాబాయ్, కాబట్టి మనం వేయక్కర్లేదు. వాళ్ళ వీధి వాళ్ళు ఎలాగూ వేయరు, కాబట్టి మనం వేయక్కర్లేదు." వాళ్ళు వేసేది ఓటు, మనం వేసేది రోడ్డు. తెలుగులో రెండింటికీ ఒకే క్రియ ఉండటం వల్ల పరిపాలన ఎంత తేలికైందో చూడండి.

మూడోది తేలని వీధి. జీవన ప్రమాణాలన్నీ అక్కడే ఉన్నాయి.

ఒకప్పుడు ఇంత గందరగోళం లేదు. బెజవాడ అంటే ఎర్ర జెండా. 1981లో ఊరు కార్పొరేషన్ అయినప్పుడు తొలి మేయర్ కమ్యూనిస్టే. ఆ రోజుల్లో కుళాయి రాకపోతే అందరూ కలిసి ధర్నాకు కూర్చునేవాళ్ళు, కుళాయి వచ్చేది. ఇప్పుడు ఎవరి పార్టీ వాట్సాప్ గ్రూపులో వాళ్ళు కూర్చుంటున్నారు. జెండా దిమ్మెలు మాత్రం కొండ ప్రాంతాల్లో ఇంకా గట్టిగా ఉన్నాయి. సిమెంటు మంచిది.

మా వీధి సంగతికి వస్తాను. మేము సెంట్రల్ నియోజకవర్గం, ముత్యాలంపాడు వైపు. 2019లో మా దగ్గర వైసీపీ అభ్యర్థి మల్లాది విష్ణు, తెలుగుదేశం అభ్యర్థి బొండా ఉమ మీద 25 ఓట్లతో గెలిచారు. 25 వేలు కాదు, పాతిక. ఫలితం వచ్చిన సాయంత్రమే మా వీధిలో నలభై మంది దాకా "నా ఒక్కడి వల్లే ఇలా జరిగింది" అన్నారు. అందులో సగం మంది గర్వంగా, సగం మంది ఏడుస్తూ. పై పోర్షన్ రామారావుగారి కుటుంబం పోలింగ్ రోజు అన్నవరంలో సత్యనారాయణ వ్రతం చేయించుకుంది, అయిదు ఓట్లు. ఆయన్ని ఇప్పటికీ పెళ్ళిళ్ళలో "ఈయనే" అని చూపిస్తారు. ప్రసాదం ఎవరికైనా పెట్టబోతే ముందు ఆయన పార్టీ ఏదని అడుగుతారు.

పాతిక ఓట్ల తేడా ఉన్న అయిదేళ్ళూ ఓటరు అనేవాడు అల్లుడు. నమస్కారం పెట్టకుండా ఏ నాయకుడూ మా మొగ దాటలేదు. వీధి లైటు పోయిందని చెబితే ఇద్దరు వచ్చేవారు, ఒకరు మార్చడానికి, ఒకరు ఫొటో తీయడానికి. దేశంలోని పెద్ద నగరాల్లో మూడో పరిశుభ్ర నగరమని 2021లో కేంద్రం మాకు ర్యాంకు ఇచ్చింది. ఆ రోజు మేమంతా పక్క వీధి వైపు అనుమానంగా చూశాం, శుభ్రాన్ని ఎక్కడ దాచారో అని.

తర్వాత 2024 వచ్చింది. అదే బొండా ఉమ, 68 వేల పైచిలుకు మెజారిటీ. పండగ చేసుకున్నవాళ్ళు చేసుకున్నారు గానీ, నేను మాత్రం డైరీ ముందేసుకుని దిగులుగా కూర్చున్నాను. 68 వేల మెజారిటీలో మా వీధి ఎంత? కందిపప్పు మూటలో ఒక గింజ. గింజను ఎవరు బతిమాలతారు?

ఆ సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్‌ను ముంచింది. మా తోడల్లుడి ఇల్లు అక్కడే. ఆయనదీ పక్కింటాయనదీ చెరో పార్టీ, పదేళ్ళుగా మాటల్లేవు. మేడ మీద మూడు రోజులు చిక్కుకుపోయేసరికి మాటలు కలిశాయి. గట్టు తెగడానికి ఎవరి ప్రభుత్వం కారణమో మూడు రోజులూ వాదించుకున్నారు. పడవ వచ్చాక ముందు ఎవరు ఎక్కాలో తేలక మళ్ళీ మానేశారు. సాయం మాత్రం నిష్పక్షపాతంగా ప్రకటించారు. కింద అంతస్తు మునిగితే 25 వేలు, మొదటి అంతస్తు వాళ్ళకు 10 వేలు. పార్టీని కాక అంతస్తును బట్టి మనిషికి విలువ కట్టడం మా పరిశోధనలో కొత్త మలుపు.

అదే వరదలో కొన్ని పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లను ఢీకొన్నాయి. ఆ పడవలకు ఏ రంగు వేశారు, వాటి యజమానులు ఎవరితో ఫొటో దిగారు అని రెండు పార్టీలూ వారాల తరబడి తేల్చుకున్నాయి. పడవకే పార్టీ ఉన్న ఊళ్ళో మనిషి తటస్థంగా ఉంటానంటే ఎలా కుదురుతుంది? కృష్ణలంకను కాపాడిన రిటైనింగ్ వాల్ సంగతీ అంతే. వరద గోడ దాకా వచ్చి వెనక్కి పోయింది, కట్టింది ఎవరన్న వాదన ఇప్పటికీ పోలేదు. ఇక హెల్త్ యూనివర్సిటీ 2022లో ఎన్టీఆర్ పేరు తీసేసుకుని వైఎస్సార్ పేరు పెట్టుకుంది, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ పేరు పెట్టుకుంది. అక్కడ చదివే పిల్లలు ఎముకల పేర్లు బట్టీ పట్టి వస్తే, బయట బోర్డు మీద పేరు అవుటాఫ్ సిలబస్.

ఇన్ని చూశాక మా వీధి క్షేమం కోరి ఒక మీటింగ్ పెట్టాను. విషయం ఒకటే: మనం తేలకూడదు. ఎవరు అడిగినా నవ్వాలి. అందరూ ఒప్పుకున్నారు, అల్లం టీ తాగి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్నే ఎవరి డాబా మీద వాళ్ళు పెద్ద జెండా కట్టారు, పక్కవాళ్ళ జెండా కంటే మూరెడు ఎత్తులో.

ఒక్క ఇల్లు మాత్రం మాట మీద నిలబడింది. మూడో గుమ్మం మామ్మగారు, ఎనభై దాటిన మనిషి. సర్వే కుర్రాళ్ళు ట్యాబ్ పట్టుకొస్తే, ఏ పార్టీ వాళ్ళనైనా కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తుంది. "ఈసారి ఎవరికి మామ్మా?" అంటే, "మీరే గదరా మాకు దిక్కు, కాకపోతే మోకాళ్ళ నెప్పులు నాయనా, ఆ గోతులు దాటి బూతు దాకా నడవలేకపోతున్నా" అంటుంది. రెండు పార్టీల ట్యాబుల్లోనూ ఆమె పేరు ఎదురుగా ప్రశ్నార్థకమే ఉందని విశ్వసనీయ సమాచారం.

పోయిన నెల తారు బండి వచ్చింది. మొగ దగ్గర మొదలుపెట్టి మామ్మగారి గుమ్మం దాకా నున్నగా వేసుకొచ్చి, అక్కడ ఆపేసి, రోలర్ వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయింది. నాలుగో గుమ్మం నాది. 1994 నుంచి నేను ఒకే గుర్తుకు వేస్తున్నానని, అది ఏ గుర్తో కూడా, ఇడ్లీ బండి దగ్గర అడగనివాళ్ళక్కూడా నేనే చెప్పాను.

మా ఆవిడ ఇప్పుడు స్కూటర్ మామ్మగారి గుమ్మం దగ్గరే దిగి, మిగతాది నడిచి వస్తోంది.