అద్దాన్ని అంతగా నమ్మకండి: ఒక ఫొటోగ్రాఫర్ జవాబు

ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సూర్యోదయం బొమ్మ, దాని మీద నాలుగు మాటలు. ఒకటి: నీ గురించి నీకు తెలిసినంత ఎవరికీ తెలియదు. రెండు: మనుషులు అబద్ధమాడతారు, అద్దం ఆడదు. మూడు: లోకులు కాకులు, అందరి కళ్లూ నీ లోపాల మీదే. నాలుగు: నీ సత్తా నీకే తెలుసు, ఎవరినీ అడగకు. మా కుటుంబం గ్రూపులో బావ పెట్టాడు. మా ఫొటోగ్రాఫర్ల గ్రూపులోకీ వచ్చింది. చివరికి ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన మా ఊరాయన స్టూడియోలో కూర్చొని, ‘ఎంత మంచిగ రాసిండో చూడు’ అని నాకే చూపించాడు.

హన్మకొండలో 22 ఏళ్లుగా స్టూడియో నడుపుతున్నాను. తన ఫొటో చూసుకుని ముఖం చిట్లించే మనుషులు నాకు రోజూ కనిపిస్తారు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను. నా పనికి దగ్గరిది రెండో మాట, దానితోనే మొదలుపెడతాను.

అద్దం అబద్ధమాడదట. మీ ఎడమ చెంప మీది పుట్టుమచ్చ అద్దంలో ఎడమ పక్కనే కనిపిస్తుంది. ఎదురుగా నిలబడ్డ నాకు అది కుడి పక్కన కనిపిస్తుంది. ఏ ముఖమూ రెండు పక్కలా అచ్చంగా ఒకేలా ఉండదు కాబట్టి, మీరు పుట్టినప్పటి నుంచి అద్దంలో చూస్తున్న ముఖం లోకంలో ఇంకెవరూ చూడని ముఖం. పాస్‌పోర్ట్ ఫొటోకు వచ్చిన కుర్రాడు ‘అన్నా, మొఖం వంకరొచ్చింది’ అంటాడు. పక్కనున్న తల్లి ‘మంచిగనే ఉన్నది కదరా’ అంటుంది. నేను కంప్యూటర్‌లో ఫొటోను అడ్డంగా తిప్పి చూపిస్తే కుర్రాడు ‘ఆఁ, ఇది కరెక్ట్’ అంటాడు. ఈసారి తల్లికి ఏదో తేడా కొడుతుంది. (మచ్చ పక్క మారిపోతుంది కాబట్టి మళ్లీ మామూలుగా తిప్పే ప్రింట్ ఇస్తాను.) ఇది నేను కనిపెట్టిన చిట్కా అనుకునేవాణ్ని. కానీ 1977లోనే మీటా, డెర్మర్, నైట్ అనే అమెరికా పరిశోధకులు ఇదే పరీక్ష పెట్టారు. ఒకే ఫొటోను మామూలుగా ఒకటి, తిరగేసి ఒకటి ప్రింట్ చేసి చూపిస్తే, ఫొటోలోని మనిషి ఎక్కువగా తిరగేసినదాన్ని, స్నేహితులు మామూలుదాన్ని మెచ్చారు. ఎవరికి అలవాటైన ముఖం వాళ్లకు నచ్చింది, అంతే.

సెల్ఫీ ఇంకో తంటా. 12 అంగుళాల దూరం నుంచి తీస్తే, 5 అడుగుల నుంచి తీసినదానికంటే ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్కగట్టారు. ముక్కు లావైందని దిగులుపడేవాళ్లు ముందు చెయ్యి చాపండి.

మూడో మాట దగ్గర నాకు నవ్వొచ్చింది. నా గురించి ఎవరికీ తెలియదంటూనే అందరూ నన్నే చూస్తున్నారంటే ఎలా? ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి దగ్గర ఫొటోలు తీసి వచ్చాక, ఒక అమ్మాయి స్టూడియోకు వచ్చి చీర కుచ్చిళ్ల మీద మరకను ఫొటోలో తీసేయమంది. ‘అందరూ దాన్నే చూసిండ్రన్నా’ అంది. చూడటమే పనిగా బతికే నేను, ఆమెవి 14 ఫొటోలు తీసి కూడా ఆ మరకను చూడలేదు. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన గిలోవిచ్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగంలో, సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న టీషర్ట్ వేసి విద్యార్థులను ఒక గదిలోకి పంపారు. గదిలో సగం మంది గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు. గమనించినవాళ్లు అందులో సగమే. మనం కొత్తవాళ్లకు ఎంత నచ్చామన్నది కూడా తక్కువే అంచనా వేసుకుంటామని 2018లో మరో అధ్యయనం తేల్చింది. పెళ్లిచూపుల నుంచి దిగాలుగా తిరిగొచ్చే అబ్బాయిలకు ఎవరైనా ఈ మాట చెప్పాలి.

నాలుగోదానికి పెద్ద జవాబు అక్కర్లేదు, సాయంత్రం హన్మకొండ చౌరస్తాలో పది నిమిషాలు నిలబడితే చాలు. హారన్ కొట్టే ప్రతివాడూ తానొక్కడే సరిగ్గా నడుపుతున్నాననుకుంటాడు. 1981లో ఓలా స్వెన్సన్ అనే పరిశోధకుడు ప్రచురించిన అధ్యయనంలో అమెరికా విద్యార్థుల్లో 93 శాతం మంది డ్రైవింగ్ నైపుణ్యంలో తాము పై సగంలో ఉన్నామన్నారు. సగంలో 93 మంది ఎలా పడతారో వాళ్లకే తెలియాలి.

ఇక మొదటి మాట. ఇందులో సగం నిజముంది. ఒక పెళ్లిలో ఫొటోలన్నిటిలో పెళ్లికూతురు నవ్వుతూనే ఉంది. ఆల్బమ్ తీసుకోవడానికి వచ్చినప్పుడు చెప్పింది, పొద్దుటి నుంచి తిండి లేక తలనొప్పితో చచ్చిపోయానని. నా మూడు కెమెరాలకూ అది అందలేదు. సిమిన్ వజీర్ అనే మనస్తత్వ పరిశోధకురాలు 2010లో ప్రచురించిన అధ్యయనమూ ఇదే అంటుంది. లోపలి ఆందోళన, టెన్షన్ సంగతి మనిషికే బాగా తెలుసు. తెలివి లాంటి విషయాల్లో మాత్రం స్నేహితుల అంచనాయే నిజానికి దగ్గరగా ఉంది.

అలాగని ఎదుటివాళ్ల చూపంతా స్వచ్ఛం అనను. మార్కెట్లో మంచి మిర్చిని కూడా తాలు అని పక్కకు నెట్టే వ్యాపారి తన లాభం చూసుకుంటున్నాడు. ‘పిల్లను కొద్దిగ తెల్లగ చెయ్యన్నా’ అనే చుట్టాలు పిల్లను చూడటం లేదు. నేనూ చాలాసార్లు చేసిచ్చాను, అది వేరే పాపం.

కానీ ‘ఎవరికీ తెలియదు’ అన్న ముక్క మాత్రం పచ్చి అబద్ధం. నేను నెమ్మదస్తుణ్నని, జనంతో ఓపికగా ఉంటానని ఇరవై ఏళ్లు నమ్మాను. మా ఎడిటింగ్ కుర్రాడు ఒక రాత్రి పెళ్లి వీడియో కోస్తూ ఒకటే నవ్వుతున్నాడు. ఏందిరా అంటే హెడ్‌ఫోన్ నా చెవికి పెట్టాడు. తలంబ్రాల సమయం. మంత్రాలకంటే గట్టిగా ఒక గొంతు: ‘ఓ పెద్దమ్మా జరుగుండ్రి! ఎన్నిసార్లు చెప్పాలె?’ ఎవడో పెళ్లివారి తాలూకు అనుకున్నాను. మన గొంతు మనకు గాలిలోంచే కాక పుర్రె ఎముకల్లోంచి కూడా వినిపిస్తుంది, అందుకే రికార్డింగ్‌లో సన్నగా, పరాయిగా తోస్తుంది. ఆ సాకు దొరికింది. కానీ మాటలకు సాకు లేదు. పాత హార్డ్ డిస్కులు తీసి విన్నాను. ప్రతి పెళ్లిలోనూ అదే గొంతు. ప్రతిసారీ దాన్ని మ్యూట్ చేసి, పైన సన్నాయి వేసి పార్టీకి ఇచ్చాడట. ఇన్నేళ్లూ చెప్పలేదేమని అడిగితే, ‘మీరు అడగలేదు కదన్నా’ అన్నాడు.

ఇప్పుడు పెళ్లికి పోయినప్పుడల్లా, ముహూర్తానికి ముందు వాడు నా పక్కకొచ్చి మెల్లగా అంటాడు: ‘అన్నా, మైక్ ఆన్‌లో ఉంది.’