కొన్న రేటు దగ్గరే ఆగిపోతున్న లెక్కలు

విశాఖ చుట్టుపక్కల స్థలాలు కొని అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటున్నవాళ్ళ పన్ను లెక్కలు చూడటం నా పని. వాళ్ళలో చాలామంది ఆఫీసుల్లో పెద్దపెద్ద బడ్జెట్లు నడిపేవాళ్ళే. అదే మనిషి మధురవాడ ప్లాటు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒకటే మాట, "కొన్న రేటు వచ్చేదాకా అమ్మనండీ." ఈ మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది.

కొన్న రేటు మీకు తప్ప ఎవరికీ గుర్తుండదు. ఇవాళ కొనేవాడికి దాంతో పనే లేదు. 2019 డిసెంబర్‌లో విశాఖ కూడా ఒకటిగా మూడు రాజధానుల మాట అసెంబ్లీలో వినబడగానే భీమిలి, ఆనందపురం వైపు ఫోన్లో ఫొటోలు చూసి అడ్వాన్సులు పంపినవాళ్ళున్నారు. 2024లో ప్రభుత్వం మారింది, అమరావతి మళ్ళీ ముందుకొచ్చింది. ఏ కారణంతో కొన్నారో ఆ కారణమే పోయింది, అయినా స్థలం కదలదు, ఎందుకంటే అమ్మితే నష్టం కాగితం మీదికొస్తుంది, అమ్మకపోతే అది నష్టమే కాదని మనసు సర్దిచెప్పుకుంటుంది. మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వర్‌స్కీ 1979లోనే దీన్ని సిద్ధాంతంగా రాశారు. వంద రూపాయలు వచ్చిన సంతోషం కన్నా వంద పోయిన బాధ ఎక్కువ, వాళ్ళ తర్వాతి లెక్కల ప్రకారం సుమారు రెండింతలు.

సరే, కొన్న రేటే వచ్చిందనుకుందాం. 2019 చివర్లో డాలరు 71 రూపాయల దగ్గరుంది. అప్పుడు లక్ష డాలర్లు పంపి 71 లక్షలకు స్థలం తీసుకున్నారు. 2025 చివరికి డాలరు 90 రూపాయలకు చేరింది. అప్పుడు అదే 71 లక్షలకు అమ్మితే, పన్నులూ ఖర్చులూ పక్కన పెట్టినా, చేతికొచ్చేది 79 వేల డాలర్లు. "పెట్టింది పెట్టినట్టు వచ్చేసింది" అని ఊపిరి పీల్చుకుంటారు. ఆరేళ్ళ వడ్డీ సంగతి ఎవరూ ఎత్తరు.

వ్యాపారాల్లోనూ ఇదే తంతు. రొయ్యల ఎగుమతి చేసేవాళ్ళ దగ్గర మార్చి 31 స్టాక్ లెక్క కట్టేటప్పుడు చూడాలి. అయిన ఖర్చు, అమ్మితే ఖర్చులు పోను చేతికొచ్చే సొమ్ము, ఈ రెండిట్లో ఏది తక్కువైతే దానికే స్టాక్ రాయాలని అకౌంటింగ్ స్టాండర్డ్ 2 చెబుతుంది. కోల్డ్ స్టోరేజీలో సరుకుంది, బయట రేటు పడిపోయింది. "రెండు నెలలాగితే రేటొస్తుందండీ, ఇప్పుడే తగ్గించి చూపిస్తే బ్యాంకువాళ్ళు అప్పు లిమిట్ కోసేస్తారు" అంటారు యజమాని. అబద్ధం చెబుతున్నానని ఆయన అనుకోరు, నిజంగానే నమ్ముతారు. నన్ను భయపెట్టేది ఆ నమ్మకమే. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు రాసిన లేఖ గుర్తుందా? అసలు లాభానికీ పుస్తకాల్లో చూపిన లాభానికీ మధ్య మొదట్లో చిన్న తేడానే ఉండేదని, అది ఏళ్ళ తరబడి పెరుగుతూ పోయిందని ఆయనే రాశారు. చివరికి 5,040 కోట్ల రూపాయల నగదు పుస్తకాల్లోనే ఉంది, బ్యాంకుల్లో లేదు.

అందుకే విదేశాల్లోని మన తెలుగు సంఘాల పన్ను సదస్సుల్లో టీడీఎస్ (చెల్లింపులోంచే ముందుగా కోసే పన్ను) రేట్లతో పాటు ఈ మనసు సంగతి కూడా మాట్లాడాలని నా కోరిక. ఇంట్లో ఒక పని చేయొచ్చు. మీ ఆస్తుల లెక్కల షీటులో కొన్న రేటు కాలమ్ దాచేసి, దాన్ని మీ ఆవిడకో మీ ఆయనకో, కొనేటప్పుడు పట్టుబట్టింది ఎవరో వాళ్ళకి కాకుండా రెండోవాళ్ళకి చూపించి, ఇంత సొమ్ము ఇవాళ చేతిలో ఉంటే ఈ ప్లాటే కొంటామా అని అడగండి. రిటైరయ్యాక వచ్చి ఉంటాం, అమ్మానాన్నలకి ఇల్లు కడతాం అంటే అది మంచి కారణమే, నేను అడ్డు చెప్పను. రేటు కోసమే అయితే మాత్రం ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. రెండేళ్ళు దాటిన స్థలం నష్టానికి అమ్మితే, గడువులోగా రిటర్న్ వేసినవాళ్ళు ఆ నష్టాన్ని 8 ఏళ్ళ దాకా ముందుకు తీసుకెళ్ళి, ఆ తర్వాత వచ్చే దీర్ఘకాలిక లాభంలో తగ్గించుకోవచ్చు. నష్టాన్ని కాగితం మీద చూడటం ఇష్టం లేక చాలామంది ఆ రిటర్నే వేయడం లేదు.