ఔటర్ రింగ్ రోడ్డు మీద ఐస్ హాకీ

బెంగళూరులో మారతహళ్లి వంతెన నుంచి సిల్క్ బోర్డు కూడలి వరకు ఔటర్ రింగ్ రోడ్డుకు ఇరువైపులా ఉన్న గాజు మేడల్లో దేనిలోకి వెళ్లినా, ఏ టౌన్‌హాల్ మీటింగులో కూర్చున్నా, మూడో స్లైడు దగ్గరకు వచ్చేసరికి స్కేట్లు కట్టుకున్న ఒక కెనడా ఆటగాడు తెర మీద ప్రత్యక్షమవుతాడన్న సంగతి పాఠకులకు నేను కొత్తగా చెప్పనక్కరలేదు. ఆయన పేరు వేన్ గ్రెట్స్కీ. పక్ (ఐస్ హాకీలో కర్రతో కొట్టే రబ్బరు బిళ్ల) ఉన్న చోటికి కాదు, అది రాబోయే చోటికి వెళ్లాలన్నది ఆయన పేరు మీద చలామణీలో ఉన్న సూక్తి. 2007 జనవరిలో మొదటి ఐఫోను చూపించిన సభలో స్టీవ్ జాబ్స్ ఈ మాటను వాడుకున్నాడు. ఆయన చేతిలో కనీసం ఒక ఫోను ఉంది. పోయిన నెల ఇదే మాటను మాకు వినిపించిన మా వైస్ ప్రెసిడెంటు గారి చేతిలో స్లైడు మార్చే మీట తప్ప మరేమీ లేదు.

వారు మన తెలుగువారే, తెనాలి వైపు మనిషి. మంచును వారు ఎరుగరని నేను అనను. చెరుకురసంలో వేసిన ముక్కలను ఎరుగుదురు. వానాకాలంలో బెళ్లందూరు చెరువు నుంచి రోడ్డు మీదికి కొట్టుకొచ్చే తెల్లని రసాయనపు నురగను కారు అద్దంలోంచి చూసి ఉంటారు. ఈ రెండు అనుభవాల బలంతో వారు మా విభాగం మొత్తాన్ని ఐస్ హాకీ ఫార్వర్డులుగా, అంటే ముందుండి గోల్స్ కొట్టే ఆటగాళ్లుగా, నియమిస్తున్నట్టు ప్రకటించారు. కొత్త పదవి వచ్చినప్పుడు దాని నిబంధనలు చదువుకోవడం ఉద్యోగి ధర్మం కనుక, ఆ రాత్రి నేను కూర్చుని చదువుకున్నాను.

మొదటి నిబంధనే నన్ను ముగ్ధుణ్ణి చేసింది. ఫార్వర్డు మంచు మీద ఉండేది విడతకు సుమారు 45 సెకన్లు. మధ్యలో సెంటర్, ఇరుపక్కలా ఇద్దరు వింగర్లు, ఈ ముగ్గురూ ప్రాణం పెట్టి పరిగెత్తి, ఊపిరి ఆడనంతగా అలసి, అడ్డుగోడ దూకి బెంచీ మీద కూలబడతారు; ఆట ఆగకుండానే మరో ముగ్గురు దిగుతారు. జట్టుకు ఇలాంటి వరుసలు నాలుగు. 60 నిమిషాల ఆటలో ఎంత పేరున్న ఫార్వర్డైనా మంచు మీద గడిపేది ఇంచుమించు 20 నిమిషాలే. మిగతా సేపు కూర్చుంటాడు, కూర్చున్నాడని ఎవరూ మూతి ముడవరు. అలసినవాణ్ణి బరిలో ఉంచితే తమకే గోల్ పడుతుందని ఆ చలిదేశాల అమాయకులు నమ్ముతారు. వారానికి 70 గంటలు పనిచేయండని పెద్దలు హితవు చెప్పే ఊరిలో, రోజుకు 14 గంటల పనికి వీలు కల్పించాలన్న ప్రతిపాదన 2024లో పుట్టిన రాష్ట్రంలో, ఇంతటి సోమరి ఆటను ఆదర్శంగా చూపించిన మా వైస్ ప్రెసిడెంటు గారి సాహసాన్ని మెచ్చుకోక తప్పదు.

ఈ నియమాలను మా ఆరో అంతస్తులో అక్షరాలా అమలు చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవడం ఈ మధ్య నాకు వ్యసనమైంది. ముగ్గురు కూర్చుని 45 సెకన్లు కోడు రాస్తారు. ఈల మోగగానే క్యూబికల్ చెక్క మీదుగా దూకి క్యాంటీన్ వైపు పోతారు. ఫిల్టర్ కాఫీ ముగించిన మరో ముగ్గురు అటునుంచి ఇటు దూకుతారు. చారల చొక్కా తొడుక్కుని, అకౌంట్సు విభాగం నుంచి డెప్యుటేషను మీద వచ్చిన పెద్దాయన రెఫరీగా నిలబడి ఉంటాడు. శుక్రవారం సాయంత్రం ఆరు కావస్తుండగా వైస్ ప్రెసిడెంటు గారు వచ్చి, ముగ్గురు చేసే పనికి పందొమ్మిది మందిని మీటింగుకు పిలుస్తారు. రెఫరీ ఈల వేస్తాడు. మంచు మీద ఉండవలసినవారికంటే ఎక్కువ మంది ఉండటం హాకీలో నేరం. శిక్ష 2 నిమిషాలు. ఫోను మాట్లాడుకోవడానికి కట్టించిన గాజు గది మా అంతస్తులో ఎలాగూ ఉంది. వైస్ ప్రెసిడెంటు గారిని అందులో కూర్చోబెట్టి తలుపు వేస్తారు. శిక్ష పడిన జట్టు ఆ 2 నిమిషాలూ ఒక మనిషి తక్కువతో ఆడాలి, ఆ సమయంలో ప్రత్యర్థిదే పైచేయి అవుతుంది. మా దగ్గర మాత్రం, హాకీ చరిత్రలో ఎన్నడూ లేని విధంగా, మనిషి తగ్గిన క్షణం నుంచి పని చకచకా సాగుతుంది. 2 నిమిషాలు కాగానే వారు బయటికి వచ్చి "ఎంతవరకు వచ్చిందండీ?" అంటారు. అది పెద్ద తప్పు, 5 నిమిషాలు. గాజు గదిలోంచి వాట్సాప్‌లో ఆశ్చర్యార్థకాలు పంపితే దుష్ప్రవర్తన, 10 నిమిషాలు. ఈ 10 నిమిషాల శిక్షలో మాత్రం దోషికి బదులుగా మరొకరిని దింపుకోవచ్చునని నియమం ఉంది. దయచేసి ఎవరినీ దింపవద్దని మేమందరం సంతకాలు చేసి రెఫరీకి అర్జీ పెట్టుకుంటాం.

సూక్తి చెప్పిన మనిషి లెక్కలు కూడా కాస్త చూద్దాం. అమెరికా, కెనడా జట్లు ఆడే నేషనల్ హాకీ లీగ్‌లో గ్రెట్స్కీ 1487 ఆటల్లో 894 గోల్స్ కొట్టాడు. ఆ రికార్డును 2025 ఏప్రిల్‌లో అలెగ్జాండర్ ఒవెచ్కిన్ దాటేశాడు. కానీ పక్కవాడికి పక్ అందించి గోల్ కొట్టించిన లెక్క 1963 దగ్గర నిలిచి ఉంది, దాని దరిదాపుల్లోకి ఎవరూ రాలేదు. ఆయన గోల్స్ అన్నీ కొట్టివేసి ఈ అసిస్టులను మాత్రమే పాయింట్లుగా లెక్కించినా, లీగు చరిత్రలో మొదటి స్థానం ఆయనదే. గోల్ పడినప్పుడు కొట్టినవాడి పేరు పక్కన, అంతకుముందు పక్ అందించినవారి పేర్లు, ఇద్దరివరకు, పుస్తకంలో రాస్తారు. మా దగ్గర ప్రాజెక్టు పూర్తయిన రోజున వెళ్లే మెయిల్‌లో పక్ అందించినవాడి పేరు ఉండదు, కొట్టినవాడి పేరూ ఉండదు. ఆ రోజు సెలవులో ఉండి ఎయిర్‌పోర్టు నుంచి "సూపర్" అని పెట్టినవారి పేరు ఉంటుంది.

ఫార్వర్డు వృత్తిలో మరికొన్ని సౌకర్యాలు మా వైస్ ప్రెసిడెంటు గారి కంట పడినట్టు లేదు. ఆ లీగు ఆటగాళ్లకు 1967 నుంచి సంఘం ఉంది. జీతాల మీద యాజమాన్యాలతో తెగకపోవడంతో 2004-05లో సీజను మొత్తం రద్దయింది, ఆ ఏడు లీగు విజేతకిచ్చే స్టాన్లీ కప్పు ఎవరికీ దక్కలేదు. నేటి ఒప్పందం ప్రకారం లీగు ఆదాయంలో సగం ఆటగాళ్లది, ఎవరి జీతం ఎంతో లోకమంతటికీ తెలుసు. డిసెంబరు 24, 25, 26 తేదీల్లో ఆట ఉండదు. సంక్రాంతికి ఊరికి పోయే బస్సులో, హిందూపురం దాటకముందే ఒళ్లో ల్యాప్‌టాప్ తెరిచే మా ఫార్వర్డులకు ఈ చివరి నిబంధన చదివినప్పుడు కళ్లు చెమర్చాయి. ఆటగాళ్లను అమ్ముకోవడం అక్కడా ఉంది. 1988 ఆగస్టులో ఎడ్మంటన్ జట్టు యజమాని గ్రెట్స్కీ అంతటివాణ్ణి లాస్ ఏంజెలెస్‌కు ఇచ్చి కోటిన్నర డాలర్లు పుచ్చుకున్నాడు. అయితే గ్రెట్స్కీ విలేకరుల ముందు బాహాటంగా ఏడ్చాడు. మనవాళ్లు ఏడవాలంటే కెమెరా ఆపుకోవాలి.

ఇంతవరకు నేను నవ్వుతూనే ఉన్నాను. పదకొండో స్లైడు దగ్గర నవ్వు ఆగిపోయింది. అందులో పాట్రిస్ బెర్జెరాన్ అనే ఫార్వర్డు ఉన్నాడు. 2013 స్టాన్లీ కప్పు ఫైనల్లో, పక్కటెముక విరిగి, భుజం తొలగి కూడా ఆరో ఆట ఆడినవాడు. ఆట ముగిశాక ఆసుపత్రికి పోతే ఊపిరితిత్తికి చిల్లు పడిందని తేలింది. "నిబద్ధత అంటే ఇది" అని తెర మీద రాసి ఉంది, చప్పట్లు కొట్టారు. ఈ చప్పట్ల కోసమే అక్కడి జట్లు గాయాన్ని దాచిపెడతాయి: ఏమైందని అడిగితే శరీరం పైభాగంలో గాయం, లేదా కిందిభాగంలో గాయం, అంతే. పుర్రె కూడా పైభాగమేనట. డెరెక్ బూగార్డ్ అనే మరో ఫార్వర్డు ఉండేవాడు, లెఫ్ట్ వింగర్. 277 ఆటల్లో 3 గోల్స్ కొట్టాడు. ఆయనను పెట్టుకున్నది గోల్స్ కోసం కాదు, పిడికిళ్ల కోసం. నొప్పి మాత్రలకు అలవాటు పడి 2011లో 28 ఏళ్లకే పోయాడు. మెదడును పరీక్షిస్తే పదే పదే దెబ్బలు తిన్నవారికి వచ్చే జబ్బు బయటపడింది. 2018లో 318 మంది మాజీ ఆటగాళ్లతో లీగు కుదుర్చుకున్న రాజీ మొత్తం 1 కోటి 89 లక్షల డాలర్లు, తప్పు మాత్రం ఒప్పుకోలేదు. ఇదీ నొప్పి ఓర్చుకోవడం వెనక ఉన్న కథ. దీన్ని స్లైడు మీద అతికించి, ఇరవై రెండేళ్ల పిల్లల ముందు నిలబడి, మీరూ ఇలా ఉండండని చెప్పడానికి నోరెలా వచ్చింది? విరిగిన ఎముక ఎవరిది, చప్పట్లు ఎవరికి?

ఆ పిల్లల్లో ఒకడు మదనపల్లె నుంచి వచ్చాడు. ప్రాజెక్టు గడువు దగ్గరపడినప్పుడు డెంగీతో ఆసుపత్రిలో పడి, ఒక చేతికి సెలైన్ ఎక్కుతుంటే రెండో చేత్తో టైపు చేస్తూ రోజూ కాల్‌లో హాజరయ్యాడు. వద్దని ఒక్కరూ అనలేదు, నాతో సహా. అప్రైజల్‌లో వాడికి రావలసినదానికంటే ఒక మెట్టు తక్కువ వచ్చింది. కారణం కూడా రాశారు: కీలకమైన వారంలో కెమెరా ఆపి ఉంచాడు.