దిగబడ్డ బండికి గొలుసు కట్టేముందు

ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే బండి) కొన్న ప్రతివాడికీ నెల తిరక్కుండానే సముద్రం గుర్తొస్తుంది. నెల్లూరు వాళ్లకి మైపాడు, కోడూరు. కావలి వాళ్లకి తుమ్మలపెంట. ఒంగోలు వాళ్లకి కొత్తపట్నం. ఆదివారం సాయంత్రం ఏ బీచ్‌కి పోయినా ఇసకలో దిగబడ్డ బండి ఒకటి, చుట్టూ సలహాలిచ్చే జనం, ఫోన్ పట్టుకుని రీల్ తీసేవాడు ఒకడు. నాకూ అలాంటి బండి ఉంది, నాకూ ఆ సరదా ఉంది. అందుకే ఒళ్లు మండి రాస్తున్నా. బండి దిగబడిందని మనవాళ్లు సిగ్గుపడతారు. దాన్ని లాగే తీరు చూసి మాత్రం ఒక్కరూ భయపడరు.

బండి ఆగగానే యాక్సిలరేటర్ తొక్కుతారు. చక్రం గిర్రున తిరిగి ఇంకా లోతుకి తవ్వుకుపోతుంది, కాసేపటికి ఛాసిస్ ఇసక మీద కూర్చుంటుంది. అప్పుడు జాలర్ల పాలెంలో పడవలు లాగే ట్రాక్టరు అన్నని బతిమాలి తెస్తారు. గొలుసు ఒక కొస ట్రాక్టరుకి, రెండో కొస బండి ముందుండే ఇనప బుల్ బార్‌కో, వెనకాల ట్రైలర్ తగిలించే గుండు హుక్కుకో. గొలుసు వదులుగా పెట్టి, "ఒక్క జర్క్ ఇయ్యన్నా!" అని కేక.

గొలుసు సాగదబ్బా. ఆ ఊపంతా ఒక్క క్షణంలో ఎక్కడ బలం తక్కువో అక్కడ పడుతుంది. బోల్టు తెగిందంటే ఆ ఇనప గుండు లాగే బండి మీదికే ఎగిరొస్తుంది. అంటే ట్రాక్టరు అన్న వీపు మీదికి. దానికి క్యాబిన్ కూడా ఉండదు. ఆస్ట్రేలియాలో ఇలా గుండు హుక్కు ఊడొచ్చి తగిలి మనుషులు చనిపోయారు.

ఇలా లాగడానికనే చేసిన నైలాన్ కైనెటిక్ తాడు వేరు. అది 30 శాతం దాకా సాగి బండిని లాక్కొస్తుంది. దాన్నైనా, దిగబడ్డ బండిని లాగడానికనే ఛాసిస్‌కి బిగించిన గట్టి కొక్కేనికే (రికవరీ పాయింట్) తగిలించాలి. బండిని లారీలో కట్టి పంపడానికి కింద చిన్న కొక్కేలు ఉంటాయి, వాటికి కాదు. తాడు మీద బరువుగా ఒక దుప్పటో గోనెపట్టానో వేస్తే, తెగినా ఎగరడం తగ్గుతుంది. తాడు పొడవుకి కనీసం ఒకటిన్నర రెట్ల దూరంలో జనం ఉండాలి, రీల్ తీసేవాడితో సహా.

అసలు చాలాసార్లు తాడే అక్కర్లేదు. ఒక పార, ఒక ప్రెషర్ గేజ్, కాస్త ఓపిక చాలు. రోడ్డు మీద 32 పీఎస్‌ఐ ఉండే గాలిని ఇసకలో 18కి దించితే టైరు పొడవునా పరుచుకుంటుంది, అంత తేలిగ్గా దిగబడదు. 15 కన్నా తగ్గిస్తే మలుపులో టైరు రిమ్ము వదిలే ప్రమాదం ఉంది. బండి ముందుకి పోవట్లేదనిపించగానే కాలు తీసెయ్యాలి. దిగి, టైర్ల దగ్గరా బండి కిందా ఇసక తోడి, వచ్చిన జాడలోనే రివర్స్‌లో రావాలి. తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ గాలి కొట్టుకోవాలి, లేకపోతే హైవే మీద టైరు వేడెక్కి పేలొచ్చు. బండి పైన లైట్ల వరసకి వేలు పోసేవాళ్లు చిన్న కంప్రెసర్ దగ్గరకొచ్చేసరికి లెక్కలేస్తారు, అదేంటో!

ఇదంతా వచ్చినవాడైనా ఎక్కడ తోలుతున్నాడో చూసుకోవాలి. జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట గుడ్లు పెట్టడానికొస్తాయి. పోటు నీళ్లు అందని పొడి ఇసకలో, అడుగున్నర లోతు గుంట తీసి, వంద గుడ్ల దాకా పెట్టి పూడ్చి పోతాయి. మనం బండి గిరగిరా తిప్పేదీ సరిగ్గా అక్కడే. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు, అంటే మే నెల దాకా ఆ ఇసక కింద ప్రాణాలున్నట్టే. పైనుంచి బండి పోతే ఇసక గట్టిపడి పైకి రాలేవు. వచ్చినా, అంగుళంన్నర పిల్లకి మీ టైరు జాడ పెద్ద కాలవ. గట్టు ఎక్కలేక దాని వెంటే పోతూ ఉంటుంది, సముద్రం పక్కనే ఉన్నా చేరదు. తెల్లారితే కాకులు, కుక్కలు. 1972 వన్యప్రాణి చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూల్లోనే ఈ తాబేలూ ఉంది.

ఇసక దిబ్బలూ అంతే. వాటి మీద పాకే ఊదా పూల తీగే ఇసకని పట్టి ఉంచుతుంది. తుపానొస్తే ఊరికి మొదటి అడ్డు ఆ దిబ్బే. దాన్నెక్కి దూకించడం మనకి వీడియో. దిబ్బల రూపు మార్చకూడదని తీరాన్ని కాపాడే కేంద్రం నిబంధనల్లో (సీఆర్‌జెడ్ నోటిఫికేషన్) కూడా ఉంది.

ఇది చెప్తే వెంటనే, "పెన్నాలో ఇసక లారీలు తిరిగితే లేదుగానీ మా ఒక్క బండికేనా?" అంటారు. లారీల సంగతి నిజమే. దాని మీద పోస్టు పెట్టండి, మొదట షేర్ చేసేది నేనే. "పాలెంలో ట్రాక్టర్లు తిరగట్లేదా?" అనేవాళ్లూ ఉన్నారు. అవి పడవ దగ్గర్నుంచి నీళ్లదాకా ఒకే దారిలో తిరుగుతాయి. అది వాళ్ల కూడు.

పెంచలకోన చుట్టూ అభయారణ్యం, మార్కాపురం అవతల నల్లమలలో పులుల రిజర్వు. అక్కడ దారి తప్పి టైరు పెట్టే ఆలోచనే వద్దు. సరదా తీరాలంటే తెలిసినవాళ్లని అడిగి, వాన పడ్డ మర్నాడు నల్లరేగడి బీడులో గంటసేపు తోలండి. దిగబడటమూ, బయటపడటమూ రెండూ అక్కడే వచ్చేస్తాయి.

ఇంకోటి. ట్రాక్టరు అన్న వెయ్యి రూపాయలు అడిగితే, పదిహేను లక్షల బండి పక్కన నిలబడి "ఐదొందలు తీసుకో అన్నా" అని బేరమాడేవాళ్లని చూస్తే నాకు ఎక్కడలేని కోపమొస్తుంది. డీజిల్ ఆయనది, క్లచ్ ఆయనది, గొలుసు తెగితే తగిలేదీ ఆయనకే.