మీ డీపీ తాళంచెవి కాదు మహాప్రభో

మళ్లీ అదే ఫార్వర్డ్: ‘గ్యాలరీలోంచి ఒక ఫొటో ఇవ్వండి, కేయాస్ థియరీ దాన్ని రాండమ్ ఎన్‌క్రిప్షన్ కీగా మారుస్తుంది. సూపర్ కంప్యూటర్ కూడా ఛేదించలేదు. నిస్ట్ పరీక్షలన్నీ పాసైంది. ఏఈఎస్ పాతబడిపోయింది. డీపీ వాడితే కీ మర్చిపోయే టెన్షనే లేదు.’ ఎన్‌క్రిప్షన్ అంటే ఫైలుకి తాళం వేయడం, కీ అంటే దాని తాళంచెవి. పంపినవాళ్లలో ఇంజనీర్లూ ఉన్నారు. అదీ నా బాధ.

ఏఈఎస్, అంటే అందరూ వాడే ప్రామాణిక ఎన్‌క్రిప్షన్ పద్ధతి, 2001 నాటిది, నిజమే. దాన్ని విరగ్గొట్టాలని చూసి ఇన్నేళ్లుగా అందరూ అలిసిపోతున్నారు. ఇక ముందుకెళదాం.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ పెట్టిన పరీక్షలు బిట్ల (0, 1ల) తీరును చూస్తాయి, రహస్యాన్ని కాదు. 1, 2, 3 అని వరసగా లెక్కపెట్టి, ఊరందరికీ తెలిసిన కీతో ఏఈఎస్‌లో వేసినా హాయిగా పాసవుతుంది.

కేయాస్ అంటే ఈ యాప్‌లలో చాలావరకు లాజిస్టిక్ మ్యాపే: ఒక సంఖ్యని చిన్న సూత్రంలో వేసి, వచ్చిన జవాబుని మళ్లీ అందులోనే వేస్తూ పోవడం. కాగితం మీద, దాదాపు ఏ సంఖ్యతో మొదలుపెట్టినా, అది ఎప్పటికీ పునరావృతం కాదు. కంప్యూటర్‌లో ఆ సంఖ్యకు మామూలుగా దొరికేది 53 బిట్ల చోటు, కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు పాత విలువ తిరిగొచ్చి అదే చక్రం మొదలవుతుంది. 1989లో మాథ్యూస్ అనే పరిశోధకుడు ఇలాంటి పద్ధతి ప్రతిపాదిస్తే, అదే ఏడాది వీలర్ అనే మరో పరిశోధకుడు ఈ లోపం ఎత్తిచూపాడు.

అసలు ప్రమాదం డీపీ సలహాలో ఉంది. ఒకే ఫొటోకి ప్రతిసారీ ఒకే కీ వస్తుంది. అంటే ఫొటో ఎవరి దగ్గరుంటే కీ వాళ్లదే. మీ డీపీ ఎవరి దగ్గర లేదు? పోనీ గ్యాలరీలోంచి ఏదో ఒకటి అనుకుందాం. పదివేల ఫొటోలుంటే దొంగ ప్రయత్నించాల్సింది పదివేల సార్లే, 14 బిట్ల కీకి ఉండే అవకాశాలంత కూడా కాదు. మధ్యలో ఎంత జటిలమైన సమీకరణం పెట్టినా ఆ లెక్క పెరగదు. 2006 నుంచి 2008 దాకా డెబియన్ అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌కి జరిగింది ఇదే: రాండమ్‌గా మిగిలింది ప్రాసెస్ నంబర్ (నడిచే ప్రోగ్రామ్‌కి సిస్టమ్ ఇచ్చే సంఖ్య) ఒక్కటే, ఉన్నవి సుమారు 32 వేల అవకాశాలు. కీలు మాత్రం చూడ్డానికి భేషుగ్గా ఉండేవి!

పైగా ఫొటోని వాట్సాప్‌లో పంపితే అది కుదించేస్తుంది, పిక్సెళ్లు మారతాయి, కీ గల్లంతు. ఆరంభంలో చిన్న తేడా వస్తే అంతా తారుమారు అన్న కేయాస్ సూత్రం పనిచేసేది ఇక్కడే, మీ మీదే.

ఒకటి ఒప్పుకోవాలి. ఫొటోలోంచి రాండమ్ తీయడం పిచ్చి ఆలోచనేం కాదు. కెమెరా సెన్సర్‌లోని నాయిస్, అంటే ముందే ఊహించలేని చిన్న హెచ్చుతగ్గులు, అసలైనదే. ఇంటర్నెట్ భద్రతా కంపెనీ క్లౌడ్‌ఫ్లేర్ శాన్‌ఫ్రాన్సిస్కో ఆఫీసులో గోడ నిండా లావా ల్యాంపులు (లోపల రంగు మైనం కదులుతూ ఉండే దీపాలు) పెట్టి కెమెరాతో ఫొటోలు తీస్తోంది. కాకపోతే వాళ్లు ఎప్పటికప్పుడు కొత్తగా తీసి, వేరే మూలాలతో కలుపుతారు. మీ ఫోన్ సిస్టమ్ కూడా రకరకాల నాయిస్ ఎప్పుడూ పోగేస్తూనే ఉంటుంది, ప్రోగ్రామర్ అడిగితే చాలు.

ఇప్పటికే డీపీతో ఫైళ్లకు తాళం వేసినవాళ్లు, ఆ ఫొటో అసలు కాపీ ఉండగానే తెరిచి, ఏఈఎస్ లాంటి మామూలు పద్ధతిలో మళ్లీ వేసుకోండి.